పడుకున్న ఎనిమిది

ఆ ఆదివారం పొద్దున సరోజన, రాజలింగు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటలకు వంటింటి కిటికీలోంచి వెలుతురు పడుతుంది. ఆ వెలుతురులో సరోజన పీట మీద కూర్చుని చాయ తాగుతుంది. రాజలింగు కొత్త లెన్సుతో ఒక ఫోటో తీస్తాడు. ఆ ఫోటోలో సరోజన కళ్లు తెరిచి ఉండాలి. అంతే.

కళ్లు తెరిచి ఉండడం కూడా ఒక కోరికేనా అని ఎవరైనా అనుకోవచ్చు. వాళ్ల పెళ్లి ఫోటోలు చూసినవాళ్లు అలా అనుకోరు. వైశాఖంలో జరిగిన ఆ పెళ్లికి ఫోటోలు తీసింది సిరొంచ బజారులో స్టూడియో నడిపే బుచ్చన్న. అతని ఫ్లాష్ మెరిసినప్పుడల్లా పెళ్లికూతురి కళ్లు టక్కున మూతపడ్డాయి. జీలకర్రబెల్లం దగ్గర మూసుకుంది, తలంబ్రాల దగ్గర మూసుకుంది. అప్పగింతల దగ్గర మూసుకున్నందుకు మాత్రం ఏడుస్తోందని సర్దిచెప్పుకోవచ్చు. పక్కింటి పోశక్క ఆల్బం మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, "పాపం, పిల్లకు మూడొద్దులు నిద్ర లేనట్టుంది, పెండ్లిలనే పండుకున్నది" అని తేల్చింది. బుచ్చన్న మాత్రం వెనక్కి తగ్గలేదు. "ఫ్లాష్‌ది తప్పు గాదు, కండ్లది తప్పు" అన్నాడు.

మర్నాటి నుంచి ఆషాఢం. మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు కనుక, సోమవారం పొద్దున సరోజన అన్న నది అవతలి చెన్నూరు నుంచి వచ్చి ఆమెను తీసుకుపోతాడు. ప్రాణహిత అప్పటికే ఎర్రబడి ఒడ్డుకు పాకుతోంది. ఇంకో నాలుగు పెద్ద వానలు పడితే పడవలు ఆగిపోతాయి. ఆషాఢం నెల రోజులే కావచ్చు గానీ నదికి పంచాంగం తెలియదు. ఎన్నాళ్లకు తిరిగొస్తుందో తెలియని భార్య ఫోటో ఒకటి తన జేబులో ఉండాలని రాజలింగు ఆశ.

"పెండ్లి ఫోటో పెట్టుకోరాదుండ్రి" అంది సరోజన ఏడిపించడానికి.

"కండ్లు మూసుకున్న పెండ్లాం ఫోటో జేబుల పెట్టుకుని తిరిగితే, చూసినోళ్లు పరామర్శకు వస్తరు" అన్నాడు రాజలింగు.

అందుకే ఈ లెన్సు. కెమెరా అతనికి బదిలీ అయిపోయిన ఒక ఫారెస్టు ఆఫీసరు దగ్గర చవకగా దొరికింది. దానితో వచ్చిన లెన్సుకు లోపల బూజు పట్టి, ఎంత దగ్గరి మనిషైనా పొగమంచులో నిలబడ్డట్టు కనిపించేవాడు. చంద్రపూర్‌లో పాత సామాన్ల దుకాణం నడిపే సేటు ఇంకో లెన్సు చేతిలో పెట్టాడు. యాభై మిల్లీమీటర్లది. దూరం దగ్గర చేసే సదుపాయం లేదు, దగ్గరగా కావాలంటే మనిషే నడిచి వెళ్లాలి. అంచు మీద చిన్న సొట్ట. కానీ దాని కన్ను ఒకటి పాయింట్ ఎనిమిది దాకా తెరుచుకుంటుంది, అంటే చీకటి వంటింట్లో కూడా ఫ్లాష్ లేకుండా బొమ్మ పడుతుంది. "ఒక రీలు తీసి చూడు, నచ్చకపోతే సోమవారం పొద్దుటి బస్సు డ్రైవరుకిచ్చి పంపు" అన్నాడు సేటు.

బి.ఎస్‌సి. చదివిన సరోజనకు ఆ లెన్సు చూస్తే పండుగలా ఉంది. కాలేజీలో లెన్సుల గురించి పుటలకొద్దీ సూత్రాలు బట్టీ పట్టింది గానీ ఒక్క లెన్సునూ చేత్తో పట్టుకోలేదు. ఉంగరం తిప్పుతూ, లోపల నల్లటి రేకులు ముడుచుకోవడం, విచ్చుకోవడం పొద్దున లేచింది మొదలు పదిసార్లు చూసింది. "ఇది గూడ కన్ను మూస్తున్నది తెరుస్తున్నది. నాకే పేరు పెట్టిండ్రు అందరు" అని మురిసిపోయింది.

చాయ పొయ్యి మీద ఉంది. వెలుతురు కిటికీలోకి వచ్చేసింది. పథకం ప్రకారం అంతా అయిపోవలసిందే. కానీ రాజలింగు తహసీల్ ఆఫీసులో ఆవక్-జావక్ గుమాస్తా. లోపలికొచ్చే ప్రతి కాగితమూ అతని బల్ల మీద దిగాలి, నంబరు పడాలి, తేదీ పడాలి, ఆ తర్వాతే ముందుకు కదలాలి. పరీక్షించకుండా దేన్నీ ముందుకు పంపని మనిషి, లెన్సును పరీక్షించకుండా భార్య ముందుకు పంపుతాడా?

"ముందుగాల దీని మీద రాసిన దూరాలు నిజమా కాదా చూద్దాం. పది నిమిషాల పని" అన్నాడు.

లెన్సు ఉంగరం మీద ఫీట్లు చెక్కి ఉన్నాయి. మూడు, ఐదు, ఏడు, పది, పదిహేను, ముప్పై. ఆఖరున అడ్డంగా పడుకున్న ఎనిమిది. అది అనంతం గుర్తు. ఎంత దూరమైనా సరే, చుక్కలైనా సరే అని దాని అర్థం. ఒక్కో దూరంలో ఒక్కో గుర్తు పెట్టి, ఉంగరం ఆ అంకె దగ్గరికి తిప్పి, ఫోటో తీసి చూస్తే లెన్సు నిజం చెబుతోందో లేదో తేలుతుంది. రాజలింగు ఎదురింటి వడ్రంగి మంగయ్య దగ్గర టేపు అడిగి తెచ్చాడు. కెమెరాను అరుగు మీద మూడుకాళ్ల స్టాండుకు బిగించాడు. రాత్రి వానకు వాడంతా బురద, నేల మీద సుద్దముక్క ఆనదు. కనుక గోడల మీద రాశాడు.

మూడు, ఐదు, ఏడు సొంత అరుగు స్తంభాల మీద పడ్డాయి. పది పోశక్క ఇంటి గోడ మీద పడింది. పదిహేను పోశక్క పశువుల కొట్టం మీద. ముప్పై మంగయ్య ఇంటి మీద. వాడ చివరన అద్దెకుంటున్న ఠేంగణే సాహెబు ఇంటి గోడ మీద పడుకున్న ఎనిమిది పడింది. ఠేంగణే సాహెబు రాజలింగు ఆఫీసులో పెద్ద గుమాస్తా, ఆర్మోరి వైపు నుంచి కొత్తగా వచ్చిన మరాఠీ మనిషి. సరోజన నోటుబుక్కు పట్టుకుని వెనకాలే నడుస్తూ రాసుకుంది. పోశక్క గోడ, పది. పోశక్క కొట్టం, పదిహేను. మంగయ్య మామ, ముప్పై. రాత ముత్యాల్లా ఉంది. అదే కొంప ముంచింది.

"ఏంది తమ్మీ, మా గోడకు నంబరేసినవ్?" అంది పోశక్క, చేతిలో చీపురుతో.

రాజలింగు పళ్ల మధ్య టేపు కొస ఉంది. రెండు నిమిషాలు ఆగమని చేత్తో సైగ చేసి ఇంకో గోడకు వెళ్లిపోయాడు.

పోశక్కకు రెండు నిమిషాలు అవసరం లేదు. పోయిన ఎండాకాలం ఎవరో సర్వే మనుషులు మూడుకాళ్ల స్టాండుతో వచ్చి, ఒడ్డు వెంట నడిచి, బండల మీద ఎర్రరంగు అంకెలు వేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ వాడలో ప్రతివారికీ ఒకటే లెక్క. కింద ఎక్కడో ఆనకట్ట కడతారు, నది వచ్చి వాడలో నిలబడుతుంది. ఇప్పుడు సాక్షాత్తూ తహసీల్ గుమాస్తా, మూడుకాళ్ల స్టాండు, టేపు, గోడ మీద అంకె, పెళ్లాం చేతిలో పుస్తకం. ఇంకేం కావాలి?

"మంగయ్య మామా, ఇటు రా. నీ ఇంటికి ముప్పై ఫీట్ల నీళ్లు రాసిండ్రు" అని కేక పెట్టింది.

మంగయ్య టేపు కోసం బయటికి వచ్చి, తన గోడ మీది ముప్పైని చూసి తల గోక్కున్నాడు. "నాకు ముప్పై, నీకు పదా? నడుమ ఇంత తొవ్వనే గదనే."

"వాళ్లింటికి మూడేనట. సర్కారోడు గద, నది గూడ మొకం చూసి వస్తది" అంది పోశక్క.

సరోజనకు నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి పోశక్కకు అనుమానం పోయి నమ్మకం వచ్చింది. రాజలింగు టేపు నోట్లోంచి తీసి నిజం చెప్పాడు. "అక్కా, నీళ్లు లేవు, ఆనకట్ట లేదు. ఇది లెన్సు పరీక్ష. ఎంత దూరంల ఎంత సాఫ్ వస్తదో చూస్తున్న."

వాడంతా చెవి పెట్టి విన్నది. నిజానికి ఉన్న చిక్కే అది, చెప్పగానే అబద్ధంలా వినిపిస్తుంది.

"అద్దం ముక్క కోసం నువ్వు పొద్దుగాల లేచి, బురదల నడిచి, మా కొట్టందాంక కొలుస్తున్నవ్" అంది పోశక్క. "సరే తీయ్. చెప్పొద్దన్నరు గావచ్చు. నీ నౌకరి నీకుండాలె గద."

"ఆదివారం పెట్టిందే అందుకు. ఎవలకు తెల్వకుంట" అన్నాడు మంగయ్య.

అంతవరకు అది భయమే. భయాన్ని మలుపు తిప్పినవాడు కూడా మంగయ్యే. అతని తమ్ముడు ముల్చేర దిక్కు ఒక ఊళ్లో ఉంటాడు. అక్కడ ఎప్పుడో కాలువ తవ్వినప్పుడు ఇట్లాగే ఇండ్ల మీద అంకెలు వేశారట, ఎవరికి పెద్ద అంకె పడితే వాళ్లకు మెట్ట మీద పెద్ద జాగ ఇచ్చారట. ఈ మాట వినగానే పోశక్క చీపురు కింద పడేసింది.

"ఆగు. గట్లయితే నాకు పదేంది? గొడ్లకు పదిహేనేసి మనుషులకు పదేస్తవా? గొడ్లు పెద్ద ఇంట్ల ఉంటయి, మేము చిన్న ఇంట్ల ఉంటమా?"

"అక్కా, అవి ఫీట్లు. కెమెరా నుంచి నీ గోడ పది ఫీట్లుంది. అంతే."

"కెమెరాను జర ఎనకకు జరుపు మరి."

శాస్త్రం ప్రకారం ఆమె మాట పూర్తిగా సరైనది.

అప్పుడు రాజలింగు ఒక పొరపాటు చేశాడు. పోశక్క తన ఇంటి ముందు, నంబరు పక్కన నిలబడి, "నన్ను గూడ రానీయ్, ఇల్లు నాదేనని తెల్వాలె" అంది. గోడకంటే ముఖం మీదే లెన్సు పనితనం బాగా తెలుస్తుంది కదా అని అతను సరేనన్నాడు. క్లిక్కుమంది. అది చూసి మంగయ్య భార్యతో, ముగ్గురు కూతుళ్లతో వచ్చి ముప్పై పక్కన నిలబడ్డాడు. క్లిక్కుమంది. రెండు క్లిక్కులు విన్నాక ఆ వాడలో ఇంట్లో కూర్చోగలిగినవాళ్లు ఎవరూ లేరు.

తొమ్మిదయ్యేసరికి వరుస అరుగు దాటింది. పదయ్యేసరికి పక్క వాడవాళ్లు వచ్చి, "మాకు నంబర్లెప్పుడేస్తరు" అని కోపంగా అడిగారు. పెట్టెల్లోంచి పెళ్లిచీరలు దిగాయి. మంచం పట్టిన ముసలవ్వను మంచంతో సహా మోసుకొచ్చారు. పోశక్క రెండో ఫోటోకు తన బర్రెను కడిగి, కొమ్ములకు నూనె రాసి, కొట్టం ముందు నిలబెట్టింది, పదిహేను దానిదే కనుక. అత్త కిష్టమ్మ మొదట అడ్డం పడబోయి, తన కొడుకును ఇంతమంది 'సార్' అనడం విని మెత్తబడి, వరుసలో నిలబడినవాళ్లకు మంచినీళ్లు అందించసాగింది.

మంగయ్య జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు తన ముప్పై పక్కన ఒక సున్న చేర్చాడు. పోశక్క అది చూసి తన పది పక్కన రెండు సున్నలు చేర్చింది. మధ్యాహ్నానికి ఆ వాడలో నీళ్లు కాళేశ్వరం గోపురాలు దాటిపోయాయి.

కిటికీలో వెలుతురు ఎప్పుడో వెళ్లిపోయింది. చాయ మరిగి మరిగి గిన్నెకు అంటుకుంది. సరోజన నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ లోలోపల దిగులుపడింది. రీలులో ఉన్నవి ముప్పై ఆరు. సిరొంచలో బుచ్చన్న దగ్గర ఉన్న ఆఖరి రీలు కూడా అదే, మళ్లీ సరుకు వచ్చేది బుధవారం బస్సుకు. ఇరవై మూడు. ఇరవై ఏడు. ముప్పై ఒకటి. మొగుడు చెమట తుడుచుకుంటూ తలెత్తినప్పుడల్లా ఆమె వేళ్లతో మిగిలినవి చూపిస్తోంది. అయిదు. నాలుగు.

"ఇగ చాలు. మా కోడలుకు తియ్యాలె" అని కిష్టమ్మ అంటే, "మీకు మూడే గదవ్వా, తొందరేముంది" అని వరుసలోంచి ఎవరో అన్నారు.

బుచ్చన్న వచ్చింది అప్పుడే. తన స్టూడియోకు ఏడాదిలో రానంత జనం ఒక గుమాస్తా అరుగు ముందు ఉన్నారని విని, ఫ్లాష్ డబ్బా భుజాన వేసుకుని వచ్చాడు. కెమెరా వంక చూశాడు. రాజలింగు రీలు తిప్పే మీట లాగడం, బొత్తాం నొక్కడం, మళ్లీ మీట లాగడం చూశాడు. అతని ముఖంలో మెల్లగా ఒక నవ్వు మొలిచింది. అరుగు చివర తీరిగ్గా కూర్చున్నాడు.

"తియ్యుండ్రి, తియ్యుండ్రి. ఫ్లాష్ లేకుంట ఎట్ల తీస్తరో నేను గూడ నేర్చుకుంట" అన్నాడు.

సరోజనకు ఆ నవ్వు నచ్చలేదు. పెళ్లిలో ప్రతి ఫ్లాష్ తర్వాతా అతను అట్లాగే నవ్వాడు.

ముప్పై అయిదో ఫోటో అయ్యాక జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. లుంగీ మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని ఠేంగణే సాహెబు వస్తున్నాడు. రాజలింగు చేతులు కట్టుకున్నాడు. ఆదివారం పూట సర్కారు పేరు మీద జనాన్ని పోగుచేశాడని కాగితం రాస్తే, కొత్త నౌకరీ ఏమవుతుంది?

సాహెబు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "రాజలింగు, లెటర్ ఎప్పుడు వచ్చింది?"

"ఏ లెటర్ సార్?"

"అదే. నాకు ఎరుకనే. ఎప్పుడు వచ్చింది, అది అడుగుతున్న."

రాజలింగు అయోమయంగా చూశాడు. సరోజనకు మాత్రం వెలిగింది. ఆఫీసుకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ మొదట విప్పేది రాజలింగే. గడ్చిరోలి జిల్లా ఆఫీసు నుంచి సర్వే హుకుం వచ్చి ఉంటుందనీ, తన బల్ల దాకా రాకుండా ఎక్కడో ఆగిందనీ సాహెబు అనుకుంటున్నాడు. ఆ ఉత్తరం తను చూడలేదని ఒప్పుకుంటే సాహెబు పరువు పోతుంది.

"సార్, ఇది నా సొంత లెన్సు..." అని మొదలుపెట్టాడు రాజలింగు.

"బరోబర్, బరోబర్. సొంతమే అనాలె. నేను గూడ ఎవరికీ చెప్ప." సాహెబు కన్ను గీటి, వెంటనే ముఖం ముడుచుకున్నాడు. "కానీ ఒకటి చెప్పు. అందరికీ నంబర్. నా ఇంటికి ఏంది, ఎనిమిది కింద పడ్డది?"

"అది అనంతం సార్" అంది సరోజన, నోరు జారి.

"అనంత్? మతలబ్?"

"అంటే... దానికి అంతు ఉండదు సార్."

సాహెబు ఒకసారి తన ఇంటి వైపు, ఒకసారి నది వైపు చూశాడు. పోశక్క నాలుకతో 'చ్చు చ్చు' అంది. "అయ్యో సాహెబ్. మావన్న మునుగుతయి. మీది ఆనవాలు గూడ దొరకది."

"అయితే ఫోటో పాయిజే, కావాలె" అన్నాడు సాహెబు, గొడుగు మడిచి. "ఇల్లు, నేను, ఆ ఎనిమిది. అన్నీ క్లియర్ రావాలె."

రాజలింగు భార్య వైపు చూశాడు. ఆమె ఒక్క వేలు చూపింది. పొద్దుటి నుంచి ఎవరినీ కాదనలేని ఆ మనిషి గట్టిగా ఊపిరి పీల్చి, నౌకరీని అరచేతిలో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి పై అధికారికి అబద్ధం చెప్పాడు. "ఫిల్ము అయిపోయింది సార్."

సరోజనకు అతన్ని అక్కడే కౌగిలించుకోవాలనిపించింది.

"ఎక్కడ అయిపోయింది? కోడలు ఇప్పుడే ఒక ఏలు చూపించింది గద" అంది పోశక్క.

కెమెరా వాడ చివరకు నడిచింది. ఠేంగణే సాహెబు పడుకున్న ఎనిమిది పక్కన నిటారుగా నిలబడ్డాడు. క్లిక్కుమంది. ముప్పై ఆరు. సరోజన నోటుబుక్కు మూసేసింది. ఆమె కళ్లు పెద్దవిగా, నీళ్లతో, ఎంత బాగా తెరుచుకుని ఉన్నాయంటే, రాజలింగు వాటివైపు చూడలేకపోయాడు. అలవాటుగా మీట లాగాడు.

మీట బిగుసుకోలేదు, వచ్చింది.

"ఇంకొకటి ఉన్నట్టుంది" అన్నాడు ఆశగా. అతను తిరిగేలోపల పక్క వాడ కుటుంబమొకటి సాహెబు గోడ ముందే సర్దుకుని నిలబడింది. క్లిక్. మీట మళ్లీ వచ్చింది. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. జనం ఉత్సాహంగా మూగారు. కెమెరా మీది చిన్న కిటికీలో అంకె నలభై దగ్గర ఆగిపోయింది గానీ మీట మాత్రం ఆగలేదు.

"ఇగో, జర ఆగుండ్రి" అంది సరోజన. "ముప్పయ్యారు బొమ్మల రీలుకు నలభై ఒకటి ఎట్ల పడతయి?"

"సర్కారు కెమెరా గద బిడ్డా. ఒడువది" అన్నాడు మంగయ్య భక్తిగా.

అరుగు చివర బుచ్చన్న పగలబడి నవ్వాడు. ఎంత నవ్వాడంటే ఫ్లాష్ డబ్బా భుజం మీంచి జారింది. "ఎడమ దిక్కు చిన్న గుండీ చూడుండ్రి. మీట లాగినప్పుడల్లా అది తిరగాలె. పొద్దటి సంది ఒక్క చుట్టు తిరిగిందా? రీలు కొస లోపలి చక్రం పండ్లకు ఎక్కనే లేదు. ఫిల్ము డబ్బిల హాయిగ పండుకున్నది."

"పొద్దటి సంది చూసుకుంట కూసున్నవా?" అన్నాడు రాజలింగు, ముఖం తెల్లబడి.

"నన్నెవలన్న అడిగిండ్రా?"

అంటే బర్రె లేదు. మంచంలో ముసలవ్వ లేదు. ఠేంగణే సాహెబు లేడు. పొద్దుటి నుంచి ఆ వాడంతా పెళ్లిబట్టలు కట్టుకుని ఉత్త చప్పుడు ముందు నిలబడింది. ఈ మాట జనానికి అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమై వాళ్లు నోళ్లు తెరవబోయేసరికి, నది అవతల నుంచి వాన వచ్చింది. చినుకులు కాదు, గంప బోర్లించినట్టు. పట్టుచీరలు తలా ఒక దిక్కు పరుగెత్తాయి. మంచం ముసలవ్వతో సహా పరుగెత్తింది. సాహెబు గొడుగు తిరగబడింది. గోడల మీది సుద్ద పాలలా కారి బురదలో కలిసింది. మూడు నుంచి వెయ్యి దాకా అన్నీ ఒకే నీళ్లయిపోయాయి.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక సరోజన మొదట చేసిన పని నవ్వడం. పీట మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ముప్పయ్యారు అట్లనే ఉన్నయి. ఒక్కటి గూడ ఖర్చు కాలే."

వానలో చిక్కుకుని వాళ్లతోపాటే లోపలికి వచ్చిన బుచ్చన్న గుమ్మం దగ్గర తడిసి నిలబడి ఉన్నాడు. కిష్టమ్మ అతనికి తువ్వాల ఇచ్చి, దాంతోపాటు నాలుగు మాటలు తగిలించింది. "పెండ్లిల మా పిల్ల కండ్లు మూయించినవ్. ఇయ్యాల నువ్వు నోరు మూసుకున్నవ్. ఎప్పుడు ఏది తెరువాలెనో తెల్వని మనిషివి, ఫోటోలెట్ల తీస్తవ్ బుచ్చన్నా?"

బుచ్చన్న తల దించుకుని కెమెరా తీసుకున్నాడు. రీలు కొసను పళ్లకు ఎక్కించి, మీట లాగి, గుండీ తిరగడం అందరికీ చూపించాడు. కానీ వృత్తి గర్వం పూర్తిగా చావలేదు. బయట మబ్బు, లోపల కరెంటు లేదు. మూడున్నరకే ఇల్లు గుహలా ఉంది. "గింత చీకట్ల ఫ్లాష్ లేకుంటె బొగ్గు పడ్తది గని బొమ్మ పడది" అన్నాడు.

రాజలింగు కెమెరా అందుకున్నాడు. లెన్సును ఒకటి పాయింట్ ఎనిమిదికి తెరిచాడు. తెర సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరిచి ఉండేలా పెట్టాడు. మోచేతులు బియ్యం గోలెం అంచున ఆనించి ఊపిరి బిగబట్టాడు. సరోజన కిటికీ పక్కన కూర్చుంది. వాన మీంచి వచ్చే బూడిదరంగు వెలుతురు ఆమె చెంప మీద పల్చగా పడింది.

"రెప్ప గొట్టకు బిడ్డా" అంది కిష్టమ్మ. ఆ మాటతో సరోజన కళ్లు గుడ్లగూబలా విప్పింది. మొదటి పది అట్లాగే పడ్డాయి. తర్వాత కొంచెం కుదురుకుంది. చాయ కాచుకుంటూ పడింది, చాయ తాగుతూ పడింది. కందిలి వెలిగించి దాని పక్కన పడింది. ఇంకొకటే మిగిలిందనగా కిష్టమ్మ, "ఆ సాహెబు ఎనిమిది పక్కన ఎట్ల నిలవడ్డడే, అది లేస్తే పట్టుకుందామన్నట్టు" అంది. సరోజన తల వెనక్కి వాల్చి నవ్వింది. క్లిక్కుమంది. మీట బిగుసుకుంది. ముప్పై ఆరు.

వాన తగ్గాక బుచ్చన్న తనే రీలు తీసుకెళ్లి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. తడి రీలును దండెం మీది చీరలా రెండు చేతుల మధ్య పట్టుకుని ఉన్నాడు. మామూలు మనుషులకు అందులో నల్ల ముఖాలు, తెల్ల జుట్టు తప్ప ఏమీ కనిపించవు. బుచ్చన్న మాత్రం ఉత్తరం చదివినట్టు చదువుతాడు. కందిలి ముందు పట్టి ఒక్కొక్కటే చూశాడు.

"ఎట్లున్నయి?" అన్నాడు రాజలింగు. పొద్దున్నే బస్సు. లెన్సు పెట్టె గూట్లో సిద్ధంగా ఉంది.

"రెప్పల ఎంటికలు లెక్కవెట్టచ్చు" అన్నాడు బుచ్చన్న, ఎవరి మీదో కోపంగా. "కండ్లు సూది లెక్క ఉన్నయి. చెవుల కాడికి పోయేసరికి ఎన్న కరిగినట్టు మసక. ముప్పయి అయిదిట్ల కండ్లు తెరిసే ఉన్నయి." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "లెన్సు వాపసు పంపుతె నాకు చెప్పు. నేను తీసుకుంట."

రాజలింగు లెన్సు పెట్టెను గూట్లోంచి తీసి, బట్టల పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాడు. దాని మీద చెక్కిన దూరాలు నిజమో కాదో మాత్రం ఈనాటికీ తేలలేదు.

సోమవారం సరోజన అన్నతో పడవెక్కి వెళ్లింది. వారం తిరక్కుండానే, ఆఖరి పడవలో రాజలింగు ఉత్తరం చెన్నూరు చేరింది. ఆమె దాన్ని పెరట్లో ఒంటరిగా కూర్చుని చదువుకుంది. ముప్పై అయిదు ఫోటోలూ అమ్మకు చూపించుకుంటుందని ఆమెకే పంపాడట. తన జేబులో మాత్రం ఆఖరిది పెట్టుకున్నాడట, తల వాల్చి నవ్వుతున్నది, మొత్తం రీలులో కళ్లు పూర్తిగా మూసుకున్నది అదొక్కటే. పోశక్క చూసి, "మళ్ల పండుకున్నదా" అన్నదట.

ఉత్తరం అడుగున ఆఫీసు సంగతి ఒకటి ఉంది. సోమవారం అతని బల్ల మీద దిగిన మొదటి కాగితం ఆ వాడవాళ్ల అర్జీ. నిన్న వేసిన నంబర్లు వానకు కొట్టుకుపోయినందున మళ్లీ వేయించాలనీ, ఈసారి పడుకున్న ఎనిమిదిని లేపి నిలబెట్టాలనీ అందులో మనవి చేసుకున్నారు. దానికి నంబరు వేశాడు, తేదీ వేశాడు, ఏ బల్లకు పంపాలో తెలియక అక్కడే ఆపాడు. కింద వరుసగా వేలిముద్రలు ఉన్నాయి. వాటన్నిటికంటే పైన, కొట్టవచ్చినట్టు, ఠేంగణే సాహెబు సంతకం ఉంది.